వాన డబ్బా

నేను కప్పల్ని పెంచానని చెబితే మా పిల్లలు నవ్వుతారు. కోళ్ళని పెంచుతారు, గొర్రెల్ని పెంచుతారు, కప్పల్ని ఎవరమ్మా పెంచేది అంటారు. నేను పెంచాను. రెండేళ్ళ పాటు వాటి పెంట ఎత్తాను, చెదలు ఏరి తినిపించాను, వాటి నెత్తిన వాన కూడా కురిపించాను. ఆ వాన వల్ల మా ఇంట్లో జరిగినదాంట్లో నా తప్పు ఎంత, మా నాయన తప్పు ఎంత, కప్ప తప్పు ఎంత అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. రాస్తే తేలుతుందేమోనని రాస్తున్నాను. తేలకపోతే నన్ను తిట్టుకోకండి.

మాది కన్నడ సీమలో, నిడుగల్లు కొండకు దిగువన తెలుగు మాట్లాడే ఒక చిన్న పల్లె. మా తాత కాలమంతా గొర్రెల వెంట గడిచింది, మా నాయన కాలం శెనక్కాయ వెంట. వానలు మొహం చాటేసిన ఏళ్ళవి. నేను పావగడలో కాలేజీ చదువుకు చేరి ఆడపిల్లల హాస్టల్లో ఉండేదాన్ని. మా పల్లెలో అంతదాకా చదివిన ఆడపిల్ల అంతకు ముందు లేదు. అందుకని నేనేం చదువుతున్నానో ఇంట్లో అడిగేవాళ్ళు లేరు, చెప్పినా అర్థం కాదని నేనూ చెప్పేదాన్ని కాదు. ఆ పొగరు నాకు ఉండేది, ఒప్పుకుంటాను.

మాకు జంతుశాస్త్రం చెప్పే సారు మలెనాడు వైపు నుంచి బదిలీ మీద వచ్చినవారు. ఆరు నెలలు గొడుగు మూయని ఊరి మనిషి. మా ఎండకు ఆయన ముఖం వాచిపోయేది. ఆయనకు ఒక విశ్వవిద్యాలయం నుంచి చిన్న పరిశోధన పని వచ్చింది. మా పొలాల్లో గుండ్రంగా, కాళ్ళు పొట్టిగా ఒక కప్ప ఉండేది. మావాళ్ళు మట్టి కప్ప అనేవాళ్ళు. ఏడాదిలో చాలా నెలలు మట్టి లోపలే ఉండి, గట్టి వాన పడినప్పుడే పైకి వచ్చి, కూసి, గుంటల్లో గుడ్లు పెట్టి మళ్ళీ మట్టిలోకి దూరిపోతుంది. చెరువులు ఎండిపోయి, ఎర్ర గొంగళి పురుగుకి చల్లే మందు పొలమంతా పరుచుకుని, ఆ కప్పలు తగ్గిపోతున్నాయని సారు దిగులు. తొట్టిలో పెంచి గుడ్లు పెట్టించగలిగితే రేపు పొలాల్లో లేకుండా పోయినా జాతి మిగులుతుందని ఆయన ఆశ.

"పులి పోతే పేపర్లో వేస్తారు. కప్ప పోతే ఎవరికి తెలుస్తుంది?" అన్నారు క్లాసులో, కన్నడంలో. సాయం ఎవరు చేస్తారని అడిగారు. మగపిల్లలు బెకబెకమని వెక్కిరించారు. నాకు ముక్కు మీద కోపం. కప్పల మీద ప్రేమతో కాదు, వాళ్ళ మీద కోపంతో చెయ్యి ఎత్తాను.

శెనక్కాయ పీకే కాలంలో నాగలికి తగిలి బయటపడ్డ కప్పల్ని రైతుల దగ్గర అడిగి తెచ్చాం. ఏడు దొరికాయి. నాలుగు చచ్చిపోయాయి. ఒక్కొక్కటి చచ్చినప్పుడల్లా నేను ఏం తప్పు చేశానో తెలియక అన్నం సహించేది కాదు. నీళ్ళు ఎక్కువయ్యాయా, మట్టి తడి చాలలేదా, తిండి పడలేదా? సారుకూ తెలియదు. చివరికి మూడు మిగిలాయి. గొంతు కింద నల్లగా ఉన్నవి రెండు మగవి, అన్నిటికన్నా లావుది ఆడది.

కాలేజీ వెనక పాత సామాన్ల గది మాకు ఇచ్చారు. అందులో సిమెంటు తొట్టి, తొట్టి నిండా మా పొలాల ఎర్రమట్టి. వీధివైపు ఒక కిటికీ, దానికి తీగ జాలీ. పైన దూలానికి కిరోసిన్ డబ్బా ఒకటి తాడుతో వేలాడేది. సారు దాని అడుగున మేకుతో చిల్లులు కొట్టారు. స్టూలు ఎక్కి బిందెతో అందులో నీళ్ళు పోస్తే తొట్టి మీద సన్నగా వాన పడేది. మేము దాన్ని వాన డబ్బా అనేవాళ్ళం. ఇంకా ఒక టేపు రికార్డరు ఉండేది. అంతకు ముందటి ఏడాది అరసికెరె దగ్గర వాన గుంటలో కప్పలు గుంపుగా కూస్తుంటే సారు గొడుగు పట్టుకుని నిలబడి దాన్ని రికార్డు చేసుకొచ్చారు.

పని ఇది. నెలల తరబడి తొట్టిని పొడిగా ఉంచాలి. వానకారు రాగానే రోజూ సాయంత్రం డబ్బాతో వాన కురిపించాలి, టేపు వేయాలి. బయట నిజంగా వాన వచ్చిందని లోపలి కప్ప నమ్మాలి. నమ్మి మగది కూయాలి. అది కూస్తే ఆడది వస్తుంది, గుడ్లు పెడుతుంది. ఒక నోటుబుక్కులో నేను రోజూ మూడు సంగతులు రాయాలి: నీళ్ళు ఎన్ని బిందెలు, టేపు వేశామా లేదా, కూత వినబడిందా లేదా. మూడో దాని కింద ఎప్పుడూ "లేదు" అనే రాసేదాన్ని.

"ఒక్కసారి పలికితే చాలమ్మా, సగం పని అయినట్టే" అనేవారు సారు. ఈ వానకారులో ఏ ఫలితమూ రాకపోతే పని ఆపేయమని పైనుంచి చెప్పేశారు.

నీళ్ళ సంగతి చెప్పకుండా ఉండలేను. హాస్టల్లో ట్యాంకరు కోసం బకెట్లు వరసగా పెట్టుకుని కొట్టుకునేవాళ్ళం. నేను నా వంతు స్నానం నీళ్ళు మిగిల్చి కాలేజీకి మోసుకుపోయేదాన్ని. "మాకేమో ట్యాంకరు, నీ కప్పలకేమో వాన. వచ్చే జన్మలో నీ తొట్లో పుడతామే తల్లీ" అని నా గదిలో పిల్లలు ఏడిపించేవాళ్ళు. నవ్వేదాన్ని. కానీ మా అమ్మ రెండు మైళ్ళు పోయి నీళ్ళు మోసే రోజుల్లో నేను బిందెడు నీళ్ళు మట్టి మీద పారబోస్తున్నానని తలుచుకుంటే నాకే అర్థమయ్యేది కాదు, నేను మంచి పని చేస్తున్నానా, కళ్ళు నెత్తికెక్కి చేస్తున్నానా అని. ఇంట్లో మాత్రం చెప్పలేదు. కూతురు పట్నంలో కప్పల పెంట ఎత్తుతోందంటే అమ్మ చదువు మాన్పిస్తుందని భయం. "ల్యాబు పని" అని చెప్పి ఊరుకున్నాను.

టేపు మొదలుపెట్టిన కొత్తలో వీధిలో ఎదురుగా టీ కొట్టు నడిపే ఆయన బయటికి వచ్చి ఆకాశం కేసి చూశాడు. సైకిళ్ళ మీద పోయేవాళ్ళు ఆగారు. తరువాత అందరికీ తెలిసిపోయింది. "కాలేజీ కప్పలప్పా, పెట్టెలో ఉండాయి" అని టీ కొట్టాయనే అందరికీ చెప్పేవాడు. పావగడలో ఆ వీధికంతా తెలుసు. తెలియనిది మా నాయనకే.

ఆ వానకారులో ఒక రోజు చిన్న జల్లు పడింది. మట్టి రెండు వేళ్ళ లోతు తడిసింది, అంతే. ఆ తరువాత రెండు రోజులకు మా నాయన విత్తనం వేసే గొర్రుకు కర్రు సాన పట్టించడానికి పావగడ వచ్చాడు. సాయంత్రం హాస్టలు గేటు దగ్గరికి వచ్చి నన్ను అడిగితే, కాలేజీలో ఉందని ఎవరో చెప్పారట. కాలేజీ వైపు బయలుదేరాడు. ఇక్కడ నాకు కబురు అందింది, మీ నాయన హాస్టలు దగ్గర ఉన్నాడని. అప్పుడే డబ్బాలో రెండో బిందె పోశాను. కరెంటు పోయింది, టేపు వేయడానికి లేదు. ఆయన ఈ గది వైపు వస్తే నా బండారం బయటపడుతుందని కంగారు. నోటుబుక్కులో "నీళ్ళు: రెండు బిందెలు. టేపు: కరెంటు లేదు" అని రాసి, కూత దగ్గర ఖాళీగా వదిలేసి, సందులోంచి హాస్టలుకు పరుగెత్తాను. అలా ఒకరినొకరు తప్పిపోయాం.

నేను గేటు దగ్గర కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. కాసేపటికి కరెంటు వచ్చింది. ఇంకాసేపటికి మా నాయన వచ్చాడు. ఆయన ముఖం నేను అంతకు ముందు అలా చూడలేదు. చేతిలో అమ్మ పంపిన శెనక్కాయల పొడి డబ్బా ఉంది, అది ఇవ్వడం కూడా మరిచిపోయాడు.

"ఈడ మట్టి కప్పలు యాడుండాయి మే?" అన్నాడు.

ఎవరో చెప్పేశారు అనుకున్నాను. "నాకేం తెలుసు నాయినా, యాడన్నా ఉంటాయి" అన్నాను.

"పలికింది మే. మీ కాలేజీ గోడ పక్కన మోరీ బండ మీద కూచున్నా నీ కోసరం. ఆడ్నే పలికింది. మామూలు కప్పయితే తడి తగిల్తే చాలు, అరుస్తానే ఉంటాది. మట్టి కప్ప అట్ల కాదు. నేల లోపల దానికి తెలుస్తాది, వాన ఎంత దూరంలో ఉండాదో. మా నాయిన గొర్రెలు యాడికి తోలల్లో దాన్ని యినే తోలేటోడు. ఒక్కసారీ తప్పలేదు."

కరెంటు రాగానే సారు వచ్చి టేపు వేసుంటారు అనుకున్నాను. ఇంకోలా అనుకోవడానికి నాకు తోచలేదు.

"మీ అమ్మా, మీ అవ్వా కలిసి ఇత్తనమంతా వొలిచి పెట్టినారు. రెండు వేళ్ళ పదునుకే ఎట్ల ఇత్తేదప్పా అని గుంజాటన పడతా ఉంటి. ఇంగ దిగుల్లేదు. రేపే గొర్రు కడతా" అన్నాడు.

అప్పుడు చెప్పాలి. రైతు కూతుర్ని, ఆ మాటకు అర్థం నాకు తెలుసు. వొలిచిన విత్తనం ఒకటే ఉంది. సగం పదునులో వేస్తే అది ఉబ్బి, మొలక ముక్కు చూపించి, పైన వాన రాకపోతే మాడిపోతుంది. మళ్ళీ వేయడానికి ఇంట్లో గింజ ఉండదు. ఇవన్నీ తెలిసి కూడా చెప్పలేదు. చెబితే "నాకేం తెలుసు" అన్న మాట అబద్ధమవుతుంది. ఆ పైన మబ్బు కూడా కొంచెం పట్టి ఉంది. వస్తుందేమో, వాన నిజంగానే వస్తుందేమో, వస్తే చెప్పే అవసరమే ఉండదు కదా అనుకున్నాను. ఆఖరు బస్సు వచ్చింది. కిటికీలోంచి పొడి డబ్బా అందించి, "బాగా తినుమే" అన్నాడు. బస్సు పోయింది.

తరువాతి పది రోజులూ నాకు మతి స్థిమితంగా లేదు. క్లాసులో ఆకాశమే చూసేదాన్ని. సాయంత్రం స్టూలు ఎక్కి డబ్బాలో నీళ్ళు పోసేదాన్ని. మట్టి తడిసి వాసన వచ్చేది. ఆ వాసనకు కళ్ళు మూసుకుంటే మా పొలంలో వాన పడుతున్నట్టే ఉండేది, తెరిస్తే తొట్టి. ఒక రోజు కోపం వచ్చి డబ్బాను తన్నాను. అది ఊగి ఊగి ఆగింది. కప్పలు మాత్రం పలకలేదు. "లేదు, లేదు, లేదు" అని రాస్తూ పోయాను.

పదకొండో రోజు ఆదివారం ఇంటికి వెళ్ళాను. పొలం దగ్గరికి పోయే దారిలోనే మా ఊరి మనిషి ఒకడు నవ్వుతూ అన్నాడు, "మీ నాయినకు కప్ప చెప్పిందంట కదప్పా, వాన వస్తాదని!" ఎప్పుడూ ఆయన్ని అడిగి విత్తేవాళ్ళు కూడా ఈసారి కప్ప మాట నమ్మలేదు; మా పల్లెలో ఆ జల్లుకు విత్తినవాడు మా నాయన ఒక్కడే.

నాయన గట్టు మీద కూర్చుని ఉన్నాడు. సాలులో వేలు పెట్టి ఒక గింజ తీసి నాకు చూపించాడు. ఉబ్బి, తోలు చిట్లి, మొలక నల్లబడి ఉంది. కొన్ని చోట్ల కౌజు పిట్టలు గీరి తినేశాయి. ఆయన తిట్టలేదు, ఏడవలేదు. తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు అన్నాడు.

"అది అబద్ధం చెప్పదు మే. యాడో నేనే తప్పు ఇన్నట్టుండా."

ఆ మాటకు తట్టుకోలేకపోయాను. అన్నీ చెప్పేశాను. కప్పలు, తొట్టి, డబ్బా, టేపు, "నాకేం తెలుసు" అన్న అబద్ధం, అన్నీ. చెబుతూ ఏడ్చాను. కొడతాడేమో, కొడితే బాగుండు అనుకున్నాను.

ఆయన ఆ గింజను మళ్ళీ సాలులోకి వదిలాడు. తరువాత అడిగాడు, "టేపు కరెంటుతోనే గదా పలికేది?"

"అవును నాయినా."

"నేను ఇన్నప్పుడు కరెంటు లేదు మే. టీ కొట్టాయన దీపం లేదని కొట్టు మూసుకుని పాయె. అడగను మనిషి గూడా లేడు ఆడ. నీ టేపులో ఎన్ని కప్పలుండాయి?"

"గుంపు నాయినా. పదో ఇరవయ్యో."

"నేను ఇన్నది ఒకటే. మూడు మార్లు పలికి ఆగింది. మళ్ళ ఒక తూరి."

సోమవారం పొద్దున్నే సారు దగ్గరికి పోయి అడిగాను, ఆ రోజు టేపు వేశారా అని. ఆయన ఆ రోజు తుమకూరులో ఉన్నారు. గది తాళంచెవులు రెండే, ఒకటి నా దగ్గర, ఇంకోటి ఆయన జేబులో.

అంటే కప్ప పలికింది. రెండేళ్ళు మేము చెవులు రిక్కించి కూర్చున్న కూత, నేను ఖాళీ వదిలేసి పరుగెత్తిన ఆ పావుగంటలో వచ్చింది. విన్న మనిషి లోకంలో మా నాయన ఒక్కడే. సారు కుర్చీలోంచి లేచి గంతు వేశారు. ఆయన సంతోషం చూసి నాకు ఒళ్ళు మండింది. మా పొలం సంగతి చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది, కానీ కళ్ళల్లో ఆ వెలుగు పోలేదు. ఆయన్ని తప్పుపట్టాలో వద్దో నాకు అప్పుడు తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

మరుసటి ఆదివారం సారు నాతో మా పల్లెకు వచ్చారు. బస్సు దిగి మూడు మైళ్ళు ఎండలో నడిచారు. అమ్మ మజ్జిగ ఇచ్చింది. కూత ఎలా ఉందో చెప్పమని నాయనను అడిగారు. మా నాయన కాస్త సిగ్గుపడ్డాడు. తరువాత గొంతు బిగించి, లోపల్నుంచి ఒక కూత తీశాడు. మూడు మార్లు. ఆగి, మళ్ళీ ఒకసారి. పందిట్లో కట్టేసిన గొర్రె తల ఎత్తి చూసింది. అమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుంది. సారు కళ్ళు మూసుకుని, "అదే, అదే, మగదే" అన్నారు.

నోటుబుక్కు తెరిచి నన్ను రాయమన్నారు. ఆ ఖాళీలో నేను "అవును" అని రాశాను.

మా నాయన అడిగాడు, "సార్, అది నిజంగా పలికినట్టే గదా?"

"నిజంగానే పలికింది."

"నేను ఇన్నదీ కరెక్టే గదా?"

"కరెక్టే."

"మీరు డబ్బాతో నీళ్ళు పోస్తే, వాన వచ్చెననుకొని అది పలికింది. అది పలికిందని నేను ఇత్తితి. దాన్ని మోసం చేసిన నీళ్ళే నన్నూ చేసినట్టుండాయి గదా సార్."

నిష్ఠూరంగా అనలేదు. అర్థం చేసుకోవడానికి అడిగాడు. ఆ నీళ్ళు పోసిన చేతుల్ని నేను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఆ ఏడాది మాకు శెనక్కాయ లేదు. ఆలస్యంగా వచ్చిన వానకు ఉలవలు చల్లారు. అమ్మా నాయనా ఎండాకాలమంతా కూలికి పోయారు. తొట్టిలో ఆడకప్ప గుడ్లు పెట్టలేదు. ఒక్క కూత, అదీ ఒక రైతు విన్నది, చాలదన్నారట పైవాళ్ళు. పని ఆపేశారు. కప్పల్ని ఎక్కడ వదలాలని సారు అడిగితే, నాయనే "మా సేనులో ఇడ్సండి" అన్నాడు. ఉలవ చేను గట్టు పక్కన మట్టి మెత్తగా గుల్ల చేసి, మూడింటినీ తన చేత్తోనే దించాడు. అవి వెనక కాళ్ళతో తవ్వుకుంటూ లోపలికి పోతుంటే గొంతుకూర్చుని చూశాడు.

మరుసటి ఏడాది వానకారులో నేను సెలవులకు ఇంట్లో ఉన్నాను. ఒక జల్లు పడింది, అంతకు ముందు ఏడాదిలాగే, పెద్ద గొప్పది కాదు. సాయంత్రం నాయనా నేనూ చేనిలో ఉండగా గట్టు దగ్గర మట్టి కప్ప పలికింది. ఒకటే. మూడు మార్లు, ఆగి మళ్ళీ ఒకసారి. నాకు ఒళ్ళంతా చెవులయ్యాయి. అది మాదో, ఎప్పట్నుంచో ఆ చేనిలోనే ఉన్నదో ఎలా తెలుస్తుంది?

మా నాయన కదల్లేదు. విత్తనం ఎప్పుడు వేయాలన్నది ఆయన ఎవర్నీ అడగ్గా నేను వినలేదు, మా తాత పోయిన తరువాత ఊళ్ళో ఎవర్నీ అడగలేదు. ఊరివాళ్ళే వచ్చి ఆయన్ని అడిగేవాళ్ళు. ఇంట్లో అమ్మా అవ్వా వొలిచి పెట్టిన గింజలు గంపలో ఉన్నాయి.

కప్ప మళ్ళీ పలికింది. నాయన నా వైపు తిరిగాడు.

"చెప్పు మే. ఇత్తల్లా, వద్దా?"

చదువుకున్నదాన్ని కదా. నాకు ఏమీ తెలియలేదు. "తెలీదు నాయినా" అన్నాను. ఆయన తల ఊపి, ఆకాశం కేసి కాదు, డబ్బాలో నీళ్ళు పోసిన నా చేతుల కేసి చూస్తూ కూర్చున్నాడు.